కనపడని రోజు కూడా రాయాలి

(డిగ్రీ జువాలజీ విద్యార్థుల ముందు చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

అందరికీ నమస్కారం. వెనక బెంచీలవాళ్ళకి వినపడుతోందా? మైకు కొంచెం గరగరమంటోంది. పర్లేదు, నేనే గట్టిగా మాట్లాడతాను. డీజిలు ఇంజను పక్కన కూర్చుని ఏళ్ళ తరబడి అరిచాను కదా, నా గొంతు ఎలాగూ ఇలాగే తయారైంది.

బయట పోస్టరు మీద "డాల్ఫిన్లతో జీవితం" అని వేశారు. చూసి నవ్వొచ్చింది. ఇన్నేళ్ళలో నా కన్ను నిజంగా డాల్ఫిన్ ఒంటి మీద పడ్డ క్షణాలన్నీ కూడితే ఓ రెండు మూడు సినిమాలంత వస్తుందేమో. మిగతాదంతా నీళ్ళకేసి చూస్తూ కూర్చోవడమే. కాబట్టి ఇవాళ నేను చెప్పేది ఎక్కువగా ఆ చూస్తూ కూర్చోవడం గురించి. నిరాశపడేవాళ్ళు ఇప్పుడే లేచి వెళ్ళొచ్చు, నేనేం అనుకోను. (నవ్వులు)

నేను పనిచేసింది చిలికా సరస్సులో, డాల్ఫిన్లని లెక్కపెట్టే పని. మీలో చాలామంది రైల్లో వెళ్తూ చూసే ఉంటారు. ఇచ్ఛాపురం, బరంపురం దాటి రంభ వచ్చాక, భువనేశ్వర్ వైపు వెళ్తుంటే కుడిచేతి కిటికీలో అలా పరుచుకుని కనిపిస్తుంది. వానాకాలంలో సుమారు 1,165 చదరపు కిలోమీటర్లు, ఎండలు ముదిరేసరికి 900 పైచిలుకు. ఉత్తరం నుంచి దయా, భార్గవి లాంటి మహానది పాయలు మంచినీళ్ళు పోస్తుంటాయి. తూర్పున ఇసుక దిబ్బకి ఉన్న గండి గుండా సముద్రం ఉప్పునీళ్ళు తోస్తుంటుంది. ఈ రెండింటి పేచీ ఏడాది పొడుగునా నడుస్తుంది. ఏ నెలలో ఎవరిది పైచెయ్యి అన్నదాన్ని బట్టి నీటి రుచి మారుతుంది, చేప మారుతుంది, చేప వెనక తిరిగే డాల్ఫిన్ చోటు కూడా మారుతుంది.

అక్కడున్నది ఇరవాడీ డాల్ఫిన్. టీవీలో బంతితో ఆడే డాల్ఫిన్‌ని కాసేపు మర్చిపోండి. దీనికి పొడుగు ముక్కు లేదు. తల గుండ్రంగా, బోర్లించిన కుండలా ఉంటుంది. రెండు మీటర్ల పైచిలుకు పొడవు, సీసం రంగు. వీపు మీద రెక్క చిన్నది, మొన కాస్త మొద్దుబారి, వీపు మధ్య దాటాక వెనకగా ఉంటుంది. గాల్లోకి ఎగరడం, పల్టీలు కొట్టడం చాలా అరుదు. ఊపిరి కోసం పైకొస్తుంది, "ఫుస్" అంటుంది, వీపు కాస్త వంపు తిరుగుతుంది, అంతే. మీరు "అదిగో" అనేలోపు అక్కడ నీళ్ళు తప్ప ఇంకేం ఉండదు.

పేరు బర్మా నదిది కదా, మనకేం సంబంధం అనుకోకండి. ఇక్కడ ఓ రెండు నిమిషాలు పక్కదారి పడతాను, ఎందుకంటే ఇది మన కథ. 1852లో విశాఖపట్నంలో ఓ వింత డాల్ఫిన్ దొరికింది. అప్పటికి ఇప్పటి పోర్టు లేదు, అది తెరిచింది 1933లో. ఉత్తర సర్కారుల్లో ఉద్యోగం చేస్తున్న వాల్టర్ ఇలియట్ అనే దొర దాన్ని భద్రం చేయించి లండన్ పంపాడు. అమరావతి స్తూపం శిల్పాలు తవ్వించిన ఇలియట్ అంటే చరిత్ర వాళ్ళకి తెలుస్తుంది, ఆయనే. శిల్పాలు, నాణేలు, డాల్ఫిన్లు, చేతికి ఏది దొరికినా వదిలిపెట్టని మనిషి. లండన్‌లో రిచర్డ్ ఓవెన్ 1866లో దానికి శాస్త్రీయంగా పేరు పెట్టాడు. బ్రెవిరోస్ట్రిస్, అంటే పొట్టి ముక్కుది. ఆ తర్వాత అయిదేళ్ళకి, 1871లో, ఇరవాడీ నదిలో దొరికిన దాన్ని ఇంకొకాయన వేరే జాతి అనుకుని వేరే పేరు పెట్టాడు. చివరికి రెండూ ఒకటే అని తేల్చారు. శాస్త్రీయ నామంలో మన విశాఖ డాల్ఫిన్ పేరే నిలిచింది, వాడుకలో మాత్రం బర్మా నది పేరు స్థిరపడిపోయింది. నన్నడిగితే అది విశాఖ డాల్ఫిన్. నా మాట ఎవరూ వినలేదనుకోండి. (నవ్వులు)

అదే 1866లో ఓవెన్ మన తీరం నుంచి వెళ్ళిన ఇంకో డాల్ఫిన్‌కి "గడము" అని పేరు పెట్టాడు. లాటినూ కాదు, గ్రీకూ కాదు, విశాఖ జాలర్ల మాట. ఇంగ్లిషు అక్షరాల్లో రాసుకున్నారు కాబట్టి అది గడమో, గాడమో, గదమో మనమే ఊహించుకోవాలి. మచ్చలున్న మరో దానికి ఆనాటి పుస్తకాల్లో ఇచ్చిన తెలుగు పేరు "బొల్ల గడిమి". బొల్లి అంటే ఏంటో మీకు చెప్పక్కర్లేదు. ఇప్పుడు గడము అన్నది శాస్త్రంలో చెల్లే పేరు కాదు, వేరే జాతిలో కలిపేశారు. కానీ మన జాలర్లు ఒక్కో రకానికి ఒక్కో పేరు పెట్టుకునేంత దగ్గరగా వీటిని చూశారని మనకి తెలిసింది మాత్రం ఆ కాగితాల వల్లే. మీ ఊళ్ళో ముసలివాళ్ళెవరైనా ఆ మాట పలికితే, దయచేసి ఫోన్లో రికార్డు చేసి నాకు పంపండి.

సరే, పనిలోకి వద్దాం.

మొదటి సీజన్లో నేను చేసిన తప్పు చెబుతాను. సతపడాలో గది తీసుకుని ఓ నెలంతా రోజూ పడవెక్కాను. సతపడా అంటే చిలికా తూర్పు ఒడ్డున, సముద్రపు గండికి దారితీసే కాలవ దగ్గర ఊరు. డాల్ఫిన్ కనపడ్డప్పుడల్లా టైము, జీపీఎస్, ఎన్ని ఉన్నాయి, ఏం చేస్తున్నాయి, అన్నీ ముత్యాల్లాంటి అక్షరాలతో రాసుకున్నాను. నెల అయ్యాక మా సీనియరుకి నోటుబుక్కు గర్వంగా చూపించాను. ఆవిడ పేజీలన్నీ తిప్పి, "మిగతా రోజులేవి?" అంది. ఏ మిగతా రోజులు? "ఇందులో డాల్ఫిన్లు కనపడ్డ రోజులే ఉన్నాయి. కనపడని రోజులు ఏవి? ఎంత దూరం తిరిగావు, ఎన్ని గంటలు చూశావు, గాలి ఎలా ఉంది?" నేను రాయలేదు. ఏమీ లేనప్పుడు రాయడానికి ఏముంటుంది అనుకున్నాను.

ఆ నెల నోటుబుక్కు ఇప్పటికీ నా దగ్గరుంది. దేనికీ పనికిరాదు. పది కిలోమీటర్లు తిరిగితే నాలుగు కనపడ్డాయా, రెండొందల కిలోమీటర్లు తిరిగితే నాలుగు కనపడ్డాయా అన్నది చెప్పకపోతే ఆ నాలుగుకి అర్థం లేదు. మా భాషలో దీన్ని ఎఫర్ట్ అంటాం. మొదట రాయాల్సింది ఎఫర్ట్. తర్వాతే డాల్ఫిన్.

ఇప్పుడు ఒక ఉదయం ఎలా ఉంటుందో చెబుతాను. జనవరి. తెల్లవారుజామున అయిదున్నరకి రేవు దగ్గర మంచు ఎంత దట్టంగా ఉంటుందంటే పడవ ఈ చివర నుంచి ఆ చివర మనిషి కనపడడు. మంచు విడిచేదాకా టీ తాగుతూ కూర్చోవాలి, చూపు ఆనకుండా సర్వే చేస్తే అబద్ధం రాసినట్టే. మా పడవ నడిపే తాత నోలియా. ఒడిశా తీరంలో గోపాల్‌పూర్, పూరీ, చిలికా సముద్రపు ఒడ్డు, ఇలా చాలా చోట్ల తెలుగు మాట్లాడే మత్స్యకారులున్నారు, అక్కడివాళ్ళు నోలియాలంటారు. తాత మాట సగం శ్రీకాకుళం, సగం ఒడియా. నేను మొదటిరోజు బైనాక్యులర్స్ మెడలో వేసుకుని వచ్చేసరికి ఎగాదిగా చూసి, "ఏటమ్మా, అందులోంచి సూస్తే అదొస్తాదా?" అన్నాడు.

పడవ ముందు భాగంలో ఇద్దరు నిలబడతారు. ఒకరు పడవ ముక్కు నుంచి ఎడమ చెయ్యి దాకా, ఇంకొకరు ముక్కు నుంచి కుడి చెయ్యి దాకా చూడాలి. ఒకరి సగంలోకి ఒకరు చూడకూడదు, అది చాలా కష్టం, అటువైపు ఏదో కదిలినట్టే ఉంటుంది. మూడో మనిషి రాస్తుంటాడు. అరగంటకోసారి చోట్లు మార్చుకుంటాం, ఎందుకంటే అరగంట దాటితే కళ్ళు తెరిచే ఉంటాయి గానీ బుర్ర చూడడం మానేస్తుంది. పడవ గీసుకున్న గీత మీద, సైకిల్ కంటే మెల్లగా వెళ్తుంది. డాల్ఫిన్ కనపడగానే ఏ కోణంలో ఉంది, ఎంత దూరంలో ఉంది చెప్పాలి. దూరం అంచనా వెయ్యడం మనకి రాదు. నీళ్ళ మీద నూరు మీటర్లు అందరికీ యాభైలా కనపడతాయి. అందుకని వారం ముందు నుంచే ప్రాక్టీసు. అక్కడ వలలు కట్టే వెదురు గడలు వందల్లో ఉంటాయి. గడని చూసి దూరం చెప్పడం, తర్వాత పరికరంతో కొలిచి తిట్లు తినడం.

గాలి లేస్తే పని అయిపోయినట్టే. బ్యూఫోర్ట్ స్కేలని ఒకటుంది, సున్నా అంటే నీళ్ళు అద్దంలా ఉన్నట్టు. మూడుకొచ్చేసరికి అలల తలల మీద అక్కడక్కడా తెల్ల నురగ కనపడుతుంది. ఇంత చిన్న రెక్క ఆ నురగలో ఎక్కడ దొరుకుతుంది? తాతకి స్కేలు తెలీదు, కానీ మేం మూడు అనుకునేలోపే ఆయన ఇంజను మీద చెయ్యేసి "ఆపీమంతావా?" అనేవాడు.

ఇంత చేసినా కనపడని డాల్ఫిన్లు రెండు రకాలు. ఒకటి, మేం వెళ్ళేసరికి నీళ్ళ కింద ఉన్నది. రెండోది పైకి వచ్చింది, ఊపిరి పీల్చింది, వెళ్ళిపోయింది, మేమే చూడలేదు. మొదటిదానికి ఎవరినీ తప్పు పట్టలేం, అది ఎంతసేపు మునుగుతుందో విడిగా కొలిచి లెక్కలో కలుపుకోవాలి. రెండోదానికి మా కళ్ళదే తప్పు. దాన్ని పట్టుకోడానికి పడవ వెనక ఇంకొకర్ని కూర్చోబెడతాం. ముందువాళ్ళు ఏం చూశారో ఆ మనిషికి చెప్పం. తను చూసినవాటిలో ముందువాళ్ళు ఎన్ని వదిలేశారో సాయంత్రం పోల్చుకుంటాం. మొదటిసారి పోల్చినప్పుడు నాకు అన్నం సయించలేదు. కళ్ళ ముందు నుంచి వెళ్ళిపోయినవి అన్ని ఉన్నాయి మరి.

ఇంకో పద్ధతి ఫొటోలు. ఈ స్లైడు చూడండి. రెక్క వెనక అంచు మీద గోరుతో గిల్లినట్టు ఒక నొక్కు, దాని కింద ఇంకో చిన్నది. ఇది దెబ్బల వల్లో, కొట్లాటల వల్లో పడ్డ గుర్తు. మనకి ఆధార్‌లో వేలిముద్రలా దానికి ఇది. అన్నిటికీ ఉండదు, పిల్లలకి రెక్క నున్నగా ఉంటుంది. వంద ఫొటోలు తీస్తే తొంభై నీళ్ళే. ఉప్పుగాలికి కెమెరా లెన్సుల్లో బూజు కూడా పడుతుంది, సంచిలో బియ్యం మూట వేసి దాచుకునేవాళ్ళం.

ఫొటోలతో సంఖ్య ఎలా వస్తుంది? ఇంటికెళ్ళి ఇది చెయ్యండి. ఓ గిన్నెలో చింతపిక్కలు పొయ్యండి, ఎన్నో లెక్కపెట్టకుండా. అందులోంచి 20 తీసి సున్నం బొట్టు పెట్టి మళ్ళీ కలిపెయ్యండి. ఇంకోసారి చెయ్యి పెట్టి 25 తియ్యండి. వాటిలో 5 పిక్కలకి బొట్టుందనుకోండి, అంటే అయిదో వంతు. గిన్నె మొత్తంలో కూడా బొట్టున్నవి దాదాపు అయిదో వంతే అయ్యుండాలి. బొట్టున్నవి 20 కాబట్టి మొత్తం సుమారు 100. ఇంతే. రెక్క మీద నొక్కే మన సున్నం బొట్టు. చిక్కంతా ఎక్కడొస్తుందంటే, చింతపిక్కలు గిన్నెలోంచి ఈదుకుంటూ సముద్రంలోకి పోవు. పిల్లల్ని పెట్టవు, చచ్చిపోవు. సున్నం బొట్టు చెరిగిపోకూడదు, రెక్క మీద కొత్త నొక్కు పడకూడదు. కొన్ని పడవంటే భయపడి ఎప్పుడూ దూరంగానే ఉంటాయి. ఇవన్నీ సర్దుకునేలా దీని మీద పెద్ద పెద్ద గణితం కట్టారు. కానీ పునాది ఆ గిన్నే.

మీలో ఎవరో ఇందాక టీ దగ్గర అడిగారు, ఏడాదంతా చెయ్యొచ్చు కదా, సీజన్ ఎందుకని. చెయ్యాలి, వేరే ప్రశ్నలకి చేస్తాం కూడా. వానాకాలంలో నదుల నీళ్ళు ఎర్రగా దిగుతాయి, ఉప్పు తగ్గిపోతుంది, నీరు బయటికి లాగుతుంది. ఎండాకాలంలో ఉప్పు లోపలిదాకా ఎక్కుతుంది. చేప ఆ నీటిని బట్టి లోపలికీ బయటికీ తిరుగుతుంది, రొయ్య కూడా అంతే. డాల్ఫిన్లకి ఎక్కువగా ఇష్టమైన చోటు గండి దగ్గరి కాలవ, ఎందుకంటే వచ్చే చేపా పోయే చేపా అక్కడి నుంచే వెళ్ళాలి. తాత నాకు మొదటి వారంలోనే చెప్పాడు: "దాన్నెతక్కమ్మా. సేపనెతుకు. అదే వస్తాది." నేను అది నోటుబుక్కులో రాసుకోలేదు, శాస్త్రం కాదనుకున్నాను. తర్వాత రెండేళ్ళు ఉప్పూ లోతూ కొలిచి గ్రాఫులు గీసి ఇంచుమించు అక్కడికే చేరాను. (నవ్వులు)

కానీ ఏటికేడాది పోల్చాలంటే ఒక్క సీజన్ పట్టుకుని దానికే కట్టుబడాలి. ఒక ఏడు జనవరిలో, ఇంకో ఏడు జూలైలో లెక్కపెట్టి "తగ్గిపోయాయి" అంటే, తగ్గినవి డాల్ఫిన్లా, మన చూపా? చలికాలంలో పొద్దుట పూట నీరు నిలకడగా ఉంటుంది, అందుకే అక్కడి వార్షిక గణన కూడా ఎక్కువగా ఆ నెలల్లోనే పెడతారు. ఈ మధ్య ఏళ్ళలో ఆ గణనల్లో 150కి అటూఇటూగా వస్తున్నాయి. అమెరికాలో ఫ్లోరిడా దగ్గర సరసోటా బేలో 1970 నుంచి ఒకే గుంపు మీద పని నడుస్తోంది, తల్లి, కూతురు, మనవరాలు అందరూ రికార్డులో ఉన్నారు. అక్కడ ఒక ఆడ డాల్ఫిన్ అరవై దాటి బతికిందని తెలిసిందంటే, అన్నేళ్ళూ ఎవరో ఒకరు పడవెక్కబట్టే.

ఒక చిన్న విషయం, మర్చిపోయేలా ఉన్నాను. నీళ్ళలో మైకు దింపి వినే పని కూడా ఉంటుంది. నేను మొదటిసారి చెవులకి పెట్టుకున్నప్పుడు పోపులో ఆవాలు చిటపటలాడినట్టు ఒకటే చప్పుడు. డాల్ఫిన్లే, వందల్లో ఉన్నాయి అని ఎగిరి గంతేశాను. అవి రొయ్యలు! పిస్తోలు రొయ్యలని ఉంటాయి, పెద్ద కొండి టక్కున మూస్తే వచ్చే చప్పుడది. డాల్ఫిన్ క్లిక్కులు ఆ పోపు వెనక నుంచి వస్తాయి, చెక్క తలుపు మెల్లగా తీసినట్టు కిర్రుమంటూ. చెవికి అలవాటు కావడానికి నాకు ఓ సీజన్ పట్టింది.

చిలికా గండి కథ మీ సిలబస్‌లో ఉండాలి, లేకపోతే కలపమని మీ మేడంగారిని అడగండి. మన తూర్పు తీరం వెంట ఇసుక దక్షిణం నుంచి ఉత్తరానికి నడుస్తూ ఉంటుంది. ఆ ఇసుక చిలికా నోటికి అడ్డం పడుతూ, గండిని పక్కకి తోసుకుంటూ పోయింది. ఉప్పు తగ్గింది, కలుపు పెరిగింది, చేప పడిపోయింది. 1981లో రామ్‌సర్ జాబితాకి, అంటే అంతర్జాతీయంగా ముఖ్యమైన చిత్తడి నేలల జాబితాకెక్కిన సరస్సు 1993కల్లా ప్రమాదంలో ఉన్నవాటి పట్టీలోకి వెళ్ళింది. 2000 సెప్టెంబరులో కొత్త గండి తవ్వారు. 2002లో ఆ పట్టీ నుంచి తీసేశారు. నేను దీన్ని అద్భుతం అనను, గండి తవ్వితే అన్నీ తీరిపోతాయన్నట్టు చెప్పేవాళ్ళంటే నాకు కాస్త చిరాకు. ఇసుక ఆగలేదు, నడుస్తూనే ఉంది. 2019 మేలో ఫణి తుపాను వచ్చి తన ఇష్టం వచ్చినచోట కొత్త గండ్లు కొట్టి పోయింది.

ఇక చావుల గురించి. డాల్ఫిన్ మనలా ఊపిరి పీల్చుకునేది. వలలో చిక్కితే పైకి రాలేదు, నీళ్ళలోనే ఊపిరాడక పోతుంది. కడుపుతో 14 నెలలు మోసి ఒక్కటే పిల్లని కంటుంది, ఆ పిల్ల పెరిగేదాకా మళ్ళీ కనదు. నూటయాభై ఉన్నచోట ఏడాదికి నాలుగైదు అనవసరంగా పోయినా పూడ్చుకోవడం కష్టం. ఒడ్డుకి కొట్టుకొచ్చిన ఒకదాన్ని నేను టేపు పెట్టి కొలిచాను. ఒంటి మీద సన్నని నైలాను గీతలు, చెంప దగ్గర నుంచి రెక్క కింద దాకా, కొత్త నోటుబుక్కులో గీతల్లా వరసగా. పక్కనే ఆ వల యజమాని నిలబడి ఉన్నాడు. ఎవరూ ఏమీ అడక్కుండానే, "నా వలే. రాత్రి వేశాను, పొద్దున చూశాను" అన్నాడు. చిలికా జాలర్లలో డాల్ఫిన్ చేపని వల వైపు తోలుతుందన్న నమ్మకముంది, కావాలని చంపేవాళ్ళు కాదు. ఆయన ఆ రోజు వేటకి వెళ్ళలేదు.

ఇంకో బాధ, టూరిస్టు పడవలు. డాల్ఫిన్ చూపిస్తేనే డబ్బులన్నట్టు మాట్లాడుకుంటారు, ఒక్క రెక్క తేలితే పది పడవలు చుట్టుముడతాయి. మీరు వెళ్తే దూరంగా ఇంజను ఆపించి కూర్చోండి. అరగంట ఓపిక పడితే చాలాసార్లు అవే వస్తాయి. రాకపోతే పకోడీలు తిని రండి.

ప్రశ్నలేమైనా ఉన్నాయా? ఆ, చెప్పమ్మా.

(ప్రశ్న: స్లైడులో చూపించిన రెండు నొక్కుల డాల్ఫిన్ ఇప్పుడెక్కడుంది?)

మంచి ప్రశ్న. దాన్ని నేను వరసగా కొన్ని జనవరులు చూశాను. ఒక ఏడు పక్కన పిల్ల కూడా ఉంది, అందుకే ఆడదని తెలిసింది. కిందటి సీజన్లో ఒక్కసారి కూడా కనపడలేదు. మా పట్టికలో ప్రతి డాల్ఫిన్‌కి ఒక వరస, ప్రతి సర్వేకి ఒక గడి ఉంటుంది. దాని గడుల్లో ఈసారి అన్నీ సున్నాలే వేశాను. చనిపోయిందని రాయలేదు, రాయకూడదు కూడా. మేం తిరిగిన కిలోమీటర్లు, గాలి, చూసిన గంటలు పక్క కాలమ్‌లో ఉన్నాయి. జనవరిలో మళ్ళీ వెళ్తున్నాను. తాతకి ఇప్పుడు చూపు ఆనడం లేదు, ఆయన మనవడు పడవ నడుపుతానన్నాడు.